రానివాళ్ళ లెక్క

జనవరి 6

బీపీకి మాత్రలతో పాటు డాక్టరు ఈ డైరీ కూడా రాసిచ్చాడు. రోజూ జరిగిన ఒక మంచి సంగతి ఇందులో పెట్టాలట. "మీకు కోపం కొంచెం ఎక్కువమ్మా" అన్నాడు. నాకు కోపమని అతనికెవరు చెప్పారు? పక్క కుర్చీలో మా ఆయన మహా అమాయకంగా గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఇవాళ్టి మంచి: బస్సులో సీటు దొరికింది.

జనవరి 8

డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిచాడు. ఒకప్పుడు నా క్లాసులోనే మూడో బెంచీలో కూర్చుని భాగహారాలు తప్పు చేసినవాడు. నాకంటే పదమూడేళ్ళు చిన్న, నాకే పైఅధికారి. మనసులో చిన్నసారు అంటాను. ఎదురుగా ఏమీ అనకుండా సర్దుకుపోతాను.

ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. ఫస్టియర్ స్టాటిస్టిక్స్‌లో పోయినేడు పాసైనవాళ్ళు నూటికి నలభై ఒక్కరట. ఈ సెమిస్టరులో సగం మందైనా పాస్ కాకపోతే వచ్చే ఏడాది నుంచి ఆ కోర్సు వీడియో పాఠాల కంపెనీకి ఇచ్చేస్తారట. కమిటీ మే నెలలో కూర్చుంటుంది. అంటే ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పిన నేను ఇకమీదట గదిలోకొచ్చి వీడియో ఆన్ చేసి, గంటయ్యాక ఆఫ్ చెయ్యాలి. ఆ పనికి ఫ్యాన్లు వేసే అటెండరు చాలడూ?

ఇంకో షరతు కూడా ఉంది. ఇద్దరు పాత విద్యార్థులు నాకు 'భాగస్వాములు'గా ఉంటారు. పాఠం ఎలా చెప్పాలో, పరీక్ష ఎలా పెట్టాలో నాతో కూర్చుని నిర్ణయిస్తారు. సలహా ఇవ్వడం కాదుట, నిర్ణయించడమేనట.

"పేషెంటు వచ్చి సర్జన్‌కి కత్తి ఎలా పట్టుకోవాలో చెప్తాడా?" అన్నాను.

"కత్తి సంగతి కాదు మేడమ్. నొప్పి ఎక్కడుందో చెప్తాడు" అన్నాడు.

వీడికి మాటలు ఎప్పుడొచ్చాయో! నా క్లాసులో ఉన్నప్పుడు నోరు విప్పితే ఒట్టు.

ఇవాళ్టి మంచి: ఆ ఉత్తరాన్ని అక్కడే చింపలేదు.

జనవరి 9

నాకేం బాధ లేదు.

జనవరి 13

భాగస్వాములు వచ్చారు. ఇద్దరికీ నా దగ్గర పేర్లు ముందే ఉన్నాయి. పేర్లు పెట్టడం నా బలహీనత. నా పేర్లు ఎవరికైనా ఇట్టే అతుక్కుపోతాయి, అది నా గొప్ప.

మొదటిది లాయరమ్మ. ఇరవై ఏళ్ళ పిల్ల, ప్రతిదానికీ వాదిస్తుంది. పోయినేడు పరీక్షలో అరమార్కు కోసం నా గది బయట మూడు రోజులు నిలబడింది. చివరికి ఇచ్చాను, కాళ్ళు నొప్పి పుడతాయని.

రెండోది ఈతగత్తె. ఆస్పత్రిలో నర్సు. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, ఇంట్లో స్కూలుకెళ్ళే కూతురు ఉంది. డ్యూటీ చూసుకుంటూనే డిగ్రీ చదువుతోంది. నా పేపరు మొదటిసారి మధ్యలో మానేసింది, రెండోసారి ఫెయిలైంది, మూడోసారికి కిందా మీదా పడి ముప్ఫై ఆరు మార్కులతో గట్టెక్కింది. మూడేళ్ళ కిందట నా నది జోకుకి దొరికిపోయింది. మొదటి క్లాసులో ఏటా అడుగుతాను: నది సగటు లోతు నాలుగడుగులు, మీ ఎత్తు అయిదున్నర, నడిచి దాటుతారా? ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. "మధ్యలో పన్నెండడుగులుంటే?" అంటాను. క్లాసంతా గొల్లుమంటుంది. సగటును గుడ్డిగా నమ్మకూడదని ఇంత బాగా ఎవరు చెప్పగలరు? చెయ్యెత్తినవాళ్ళు ఆ ఏడాదంతా ఈతగాడో ఈతగత్తో అయిపోతారు. ఆ ఏడు చెయ్యెత్తింది ఈవిడే.

"రావమ్మా ఈతగత్తె, కూర్చో" అన్నాను. కూర్చుంది. తక్కువ మాట్లాడుతుంది. ఆ వాటా కూడా లాయరమ్మే తీసుకుంది.

ఇవాళ్టి మంచి: మీటింగు నలభై నిమిషాల్లో ముగిసింది.

జనవరి 20

మొదటి క్లాసు. రిజిస్టర్లో రెండువందల పన్నెండు మంది. నది జోకు వేశాను. ఎవరూ చెయ్యెత్తలేదు. ఈకాలం పిల్లలకి హాస్యం తెలియదు. వెనక బెంచీలో కూర్చున్న ఈతగత్తె అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

జనవరి 27

లాయరమ్మ మొదటి నిర్ణయం: క్లాసు చివర అందరికీ చిన్న కార్డులివ్వాలి, 'ఇవాళ నేను ఎక్కడ తప్పిపోయాను' అన్నది పేరు లేకుండా రాయాలి. ఇచ్చాం. నూట యాభై కార్డులొచ్చాయి. చదివాను. చదవకుండా ఉండాల్సింది.

'మీరు బోర్డుతో మాట్లాడతారు.' 'ఇది మీకు తెలుసు కదా అంటారు. తెలియదండీ.' 'మొదటి నిమిషంలోనే తప్పిపోయాను, మళ్ళీ దొరకలేదు.'

ఇంటికొచ్చి మా ఆయన ముందు గోల పెట్టాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు, ముప్ఫై ఏళ్ళుగా కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని ప్రాణాలతో ఇంటికొస్తున్న మనిషి.

"ఏవోయ్ ప్రొఫెసరూ, నా కార్లో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు మాత్రం ఒక్కటే. అది వాళ్ళ చేతుల్లోనే ఉండాలి. నువ్వు ఇరవై రెండేళ్ళుగా వాళ్ళని వెనక సీట్లో కూచోబెట్టి డ్రైవింగు నేర్పుతున్నావు."

"మీకు స్టాటిస్టిక్స్ తెలుసా?" అన్నాను.

"తెలీదు. అందుకే గుద్దుకోకుండా బతికాను" అన్నాడు.

ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఇవాళ్టి మంచి అదే అనుకుంటాను.

ఫిబ్రవరి 10

ఇవాళ వాళ్ళ నోరు మూయిద్దామని నా బ్రహ్మాస్త్రం బయటికి తీశాను. బీరువాలోంచి ఇరవై రెండేళ్ళ విద్యార్థుల అభిప్రాయ పత్రాలు. అన్నీ దారంతో కట్టి, ఏడాది వారీగా పెట్టుకున్నాను. ఏ ఏడూ అయిదుకి నాలుగున్నర కంటే తగ్గలేదు. పోయినేడు నాలుగు పాయింట్ ఆరు.

"చూశారుగా. పాఠం బాగా లేకపోతే ఇన్నిస్తారా?" అన్నాను.

లాయరమ్మ కట్టలు తిరగేసింది. "ఇవెప్పుడు నింపిస్తారు మేడమ్?"

"ఆఖరి క్లాసులో."

"ఆఖరి క్లాసుకి ఎవరొస్తారు మేడమ్?"

నా ఏడో పాఠం అదే కదా. 'ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, నడిచి బయటికొచ్చేవాళ్ళని మాత్రమే అడిగితే ప్రతి ఆస్పత్రీ గొప్పదే.' ఏటా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. రానివాళ్ళ మాట వినకుండా లెక్క కట్టకండి అని గొంతు చించుకుని చెప్తాను. పరీక్షలో అడుగుతాను. రాయనివాళ్ళకి సున్నా వేస్తాను.

"నేను మొదటిసారి మానేసిన ఏడాది ఆ కాగితం నా దాకా రాలేదండీ" అంది ఈతగత్తె, మెల్లిగా. అంతే అంది.

ఫిబ్రవరి 11

ఇరవై రెండు కట్టలు. దారాలు కూడా నేనే కొన్నాను.

ఫిబ్రవరి 17

మూడేళ్ళలో మధ్యలో మానేసినవాళ్ళ జాబితా ఆఫీసు నుంచి తెప్పించాం. నూట ఎనభై ఏడు మంది. అందరికీ ఫోన్ చేయలేం కాబట్టి ముప్ఫై మందిని ఎంచి, ఎందుకు మానేశారో అడుగుదామన్నారు. కంప్యూటరు క్షణంలో ఎంచి పెడుతుంది. లాయరమ్మ ఒప్పుకోలేదు. "చీటీలు వేద్దాం మేడమ్. మన చేత్తో మనం తీస్తే, ఎవర్ని వదిలెయ్యాలనిపించినా వదల్లేం." సరేనని నూట ఎనభై ఏడు చీటీలు కత్తిరించి, తుడుపు బకెట్టు కడిగి అందులో వేసి, ముగ్గురం తలా పది తీశాం. ఎవరు తీసిన చీటీలకి వాళ్ళే ఫోన్ చేసి, కారణం ఒక కార్డు మీద పేరు లేకుండా రాయాలి.

యూనివర్సిటీలో ఇరవై రెండేళ్ళున్నాను. తుడుపు బకెట్టులో చెయ్యి పెట్టి పరిశోధన చేయడం ఇదే మొదలు. చాలా సరదాగా ఉంది, ఎవరితోనూ అనను.

ఫిబ్రవరి 25

నా పదిమందికీ చేశాను. ఒకాయన నేనేదో అమ్మడానికి ఫోన్ చేశాననుకుని రెండుసార్లు పెట్టేశాడు. ఒకామె దర్జీ పని చేస్తోంది, కుట్టుమిషను చప్పుడు మధ్యలో మాట్లాడింది. "మూడో వారం జ్వరమొచ్చి రెండు క్లాసులు పోయాయండీ. తిరిగొచ్చాక ఏం జరుగుతోందో తెలీలేదు. అడుగుదామనుకున్నా. అందరికీ తెలిసినట్టే తలలూపుతున్నారు. సిగ్గేసి రావడం మానేశా." తర్వాత కొంచెం ఆగి, "ఇన్నాళ్ళకైనా అడిగారు, చాలా థ్యాంక్సండీ" అంది.

పదిమందిలో ఏడుగురు థ్యాంక్స్ చెప్పారు. నాకు! వాళ్ళు మానేసిన సంగతే నేను గమనించలేదు. పిల్లలు బద్ధకస్తులు, చదవరు అని స్టాఫ్ రూములో ఇన్నేళ్ళుగా నేను చెప్పే ముక్క ఒక్కరి నోటా రాలేదు.

ఇవాళ్టి మంచి ఏడుసార్లు జరిగింది. డాక్టరుకి చెప్పాలి.

మార్చి 3

ముప్ఫై కార్డులూ బల్ల మీద పరిచి కారణాల వారీగా సర్దుతున్నాం. డ్యూటీ వేళలు తొమ్మిది. ఒకసారి వెనకబడి మళ్ళీ అందుకోలేకపోయినవాళ్ళు పన్నెండు. అలా పోతున్నాయి. ఒక కార్డు ఏ కుప్పలోనూ పట్టలేదు.

'మొదటి క్లాసులో టీచరు ఒక పేరు పెట్టారు. తర్వాత అందరూ అదే పిలిచారు. మా వార్డులో కూడా తెలిసిపోయింది.'

"ఇది ఎవరిది?" అన్నాను. గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

"నాదే మేడమ్" అంది ఈతగత్తె.

"అదే, నువ్వు ఎవరికి ఫోన్ చేస్తే చెప్పారు?"

"ఎవరికీ చెయ్యలేదండీ. బకెట్లో నా పేరు కూడా ఉంది కదా. నా చేతికే వచ్చింది. పక్కన పెట్టేసి ఇంకోటి తీద్దామనుకున్నా. అలా చేస్తే శాంపిల్ చెడిపోతుంది కదా మేడమ్, మీరే చెప్పారు."

లాయరమ్మ చేతిలోని కార్డులు బల్ల మీద పెట్టేసింది.

ఆవిడ చెప్పింది, కోపం లేకుండా, మరొకరి కేసు షీటు చదివినట్టు. పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ చదువులో అడుగుపెట్టిందట. ఆ రోజు డ్యూటీ నుంచి తిన్నగా క్లాసుకొచ్చిందట. ఒక్క ప్రశ్నకైనా చెయ్యెత్తాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చిందట. ఎత్తింది.

తల తీసేసినట్టయింది. ఈ డైరీలో వెనక్కి తిప్పి చూశాను. జనవరి నుంచి ప్రతి పేజీలో ఆ పేరే రాశాను, ముద్దుగా. కొట్టెయ్యను. ఉండనీ, నేను రాసిందే కదా.

నేను చేసిన తప్పుకి ఆవిడ నన్ను వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. ఫెయిలైంది. మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత నా కోర్సు బాగుచేయడానికి కూడా వచ్చింది. ఎవరు చేస్తారు ఇలా?

మార్చి 4

క్షమించమని అడగడం నాకు చేతకాదు. బస్సులో నాలుగు రకాలుగా అభ్యాసం చేశాను. తీరా నీళ్ళ ఫిల్టరు దగ్గర ఎదురుపడేసరికి నాలుగూ మర్చిపోయాను.

"ఆ పేరు పెట్టినందుకు నన్ను క్షమించండి. మీరు చదువు మానెయ్యడానికి నేనే కారణం" అనేశాను.

"అయిపోయిందిలెండి మేడమ్."

"అవలేదు. మూడేళ్ళుగా పిలుస్తూనే ఉన్నాను."

ఆవిడ సీసాలో నీళ్ళు పొంగిపోతున్నాయి. కట్టేసి, తుడుచుకుని, "అంత మాట అన్నారు, చాలు. కానీ నన్ను 'మీరు' అనకండి మేడమ్, భయమేస్తోంది. మళ్ళీ ఫెయిల్ చేస్తారేమో అనిపిస్తుంది" అంది.

ఇద్దరం నవ్వాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి కూడా తిరిగాయేమో, నర్సులు బయటపడరు.

ఇకమీదట నర్సమ్మ. ఆస్పత్రిలో రోగులు పిలిచే పిలుపు అదే, బావుంటుందని తనే చెప్పింది. లాయరమ్మను కూడా అడిగాను, ఆ పేరు మానెయ్యనా అని. "మా అమ్మ కూడా అదే పిలుస్తోంది మేడమ్, నాకిష్టమే. అయినా మీరు అడిగారు చూశారా, అది ఇంకా బావుంది" అంది.

నది జోకు ఇక లేదు. ఇంట్లో చెప్తే మా ఆయన లేచొచ్చి, పరామర్శకొచ్చినవాడిలా నా భుజం తట్టాడు. "ఇరవై రెండేళ్ళు బతికింది, పాపం" అన్నాడు.

మార్చి 12

ఇవాళ పాఠం నర్సమ్మ చెప్పింది. నేను నాలుగో బెంచీలో కూర్చున్నాను. బెంచీలు ఇంత ఇరుకని తెలియదు. పొడుగు కాళ్ళవాళ్ళు గంటసేపు ఎలా కూర్చుంటున్నారో!

"మీ పక్కనున్నవాళ్ళ నాడి పట్టుకోండి. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి, రెట్టింపు చేసి కాగితం మీద రాయండి. మళ్ళీ పట్టుకోండి. మళ్ళీ రాయండి" అంది. రాశారు. ఒకే మనిషి, ఒకే చెయ్యి, రెండు నిమిషాల తేడా, రెండు అంకెలు. గదంతా గోల. నీకు లెక్కపెట్టడం రాదంటే నీకు రాదని.

"ఇద్దరికీ వచ్చు. నాడి ఎప్పుడూ ఒకేలా కొట్టుకోదు. అందుకే మేం ఒక్కసారి చూసి మందివ్వం. ఎంత అటూ ఇటూ అవుతుందో ముందు తెలియాలి. ఆ అటూ ఇటూని కొలవడమే స్టాండర్డ్ డీవియేషన్."

ఇరవై రెండేళ్ళుగా ఈ ముక్కను నేను సీసాలో రంగు గోళీలతో మొదలుపెట్టి, సూత్రంతో ముగించి, చేతులు దులుపుకుంటున్నాను. వెనక బెంచీలో ఒకమ్మాయి పైకే "ఓహ్, ఇంతేనా!" అంది. ఆ మాట నా క్లాసులో నేనెప్పుడూ వినలేదు. నా చెయ్యి పట్టుకున్న కుర్రాడు "మేడమ్, మీది తొంభై ఆరు, కొంచెం ఎక్కువ" అన్నాడు భయంగా. ఎక్కువే ఉంటుంది నాయనా మరి.

కార్డుల్లో నలభై మూడింటి మీద ఒకే మాట ఉంది: 'ఇవాళ తప్పిపోలేదు.' మూడుసార్లు చదువుకున్నాను. కడుపు నిండిపోయింది.

ఇవాళ్టి మంచి అని ఇకమీదట విడిగా రాయను. దేన్ని రాయాలో, దేన్ని వదలాలో తెలియడం లేదు.

మార్చి 26

పరీక్షకి ఒక కాగితం మీద సూత్రాలు రాసుకుని తెచ్చుకోవచ్చన్నది లాయరమ్మ ప్రతిపాదన. ఆరు నూరైనా ఒప్పుకోనన్నాను. "ఆస్పత్రిలో మోతాదుల పట్టిక గోడకే ఉంటుంది మేడమ్. బట్టీ పట్టి మందివ్వమంటే మీరు మా వార్డులో చేరతారా?" అంది నర్సమ్మ. ఓటు పెట్టారు. రెండుకి ఒకటి. నా కోర్సులో నేనే ఓడిపోయాను.

క్లాసుకి రెండు రోజులు వరసగా రానివాళ్ళకి ముగ్గురం వంతులేసుకుని ఫోన్ చేస్తున్నాం. మొదట్లో దొంగలు దొరికిపోయినట్టు మాట్లాడేవారు. ఇప్పుడు వాళ్ళే ముందుగా మెసేజీ పెడుతున్నారు. ఈ ఇద్దరికీ చెప్పకుండా ఒక మాట ఇక్కడ రాసుకుంటున్నాను: మీరు లేకపోతే నేను చచ్చేదాకా బోర్డుతోనే మాట్లాడుతూ ఉండేదాన్ని.

ఏప్రిల్ 24

పరీక్ష అయిపోయింది. పేపర్లు మూడు మూటలు. కొత్త కళ్ళజోడు.

మే 14

యాభై ఎనిమిది! నూట డెబ్బై మంది రాశారు, తొంభై తొమ్మిది మంది పాస్. నూటికి యాభై ఎనిమిది. సగం దాటేసింది. చిన్నసారు కుర్చీలోంచి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "కోర్సు మీదే మేడమ్, సోమవారం కమిటీలో ఈ అంకె ఒక్కటి చెప్పండి చాలు" అన్నాడు. మా ఆయన కారు వీధి చివరిదాకా హారన్ కొట్టుకుంటూ తిప్పాడు. ఎన్నికల్లో గెలిచిన అభ్యర్థిలా నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి.

మే 15

పాస్ శాతం అంటే పరీక్ష రాసినవాళ్ళలో పాసైనవాళ్ళు. ఎక్కడైనా అంతే. ఈ నియమం నేను పెట్టింది కాదు.

మే 16

పరీక్షే రాయనివాళ్ళు పాసెలా అవుతారు? వాళ్ళని లెక్కలో వేయడం అన్యాయం. నియమం నేను పెట్టింది కాదు.

మే 17

నర్సమ్మ, లాయరమ్మ వచ్చారు. నర్సమ్మ చేతిలో నలభై రెండు పేర్ల జాబితా. ఈ ఏడాది చేరి, పరీక్ష రాయనివాళ్ళు. ఇరవై ఆరుగురికి అప్పుడే ఫోన్ చేసేసిందట. సెలవుల్లో, ఎవరూ చెప్పకుండా. ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

రెండువందల పన్నెండు మందిలో తొంభై తొమ్మిది. నలభై ఏడు శాతం. ఆ భాగహారం నేను పద్నాలుగో తారీఖునే చేశాను. ఇక్కడ రాయలేదు.

నా మొహం చూసి లాయరమ్మకి అర్థమైపోయింది. వెంటనే వాదన అందుకుంది. "మేడమ్, ఉత్తరంలో 'సగం మంది' అని మాత్రమే ఉంది. దేన్లో సగమో రాయలేదు. రాయకపోవడం వాళ్ళ తప్పు. మీరు యాభై ఎనిమిదని చెప్తే అబద్ధమేం కాదు. ఎవరైనా అడిగితే అప్పుడు చెప్దాం. ఎవరూ అడగరు."

ఫిబ్రవరిలో 'ఆఖరి క్లాసుకి ఎవరొస్తారు' అని నన్ను నిలదీసిన పిల్ల. ఇప్పుడు నా కోసం, నా కోర్సు కోసం, అంత తెలిసీ ఆ మాట అంటోంది. నా మీద అంత ప్రేమ ఎప్పుడు పెట్టుకుందో! అదే క్షణంలో భయం కూడా వేసింది. యాభై ఎనిమిదని చెప్పి కోర్సు దక్కించుకుంటే, ఈ పిల్లకి నా దగ్గర ఆఖరిపాఠం అదే అవుతుంది.

"దేన్లో సగం అని జనవరిలోనే నేను అడగాల్సింది. పప్పులో కాలేశాను. ఇప్పుడు వాళ్ళు అడగకముందే మనం చెప్దాం" అన్నాను.

"కోర్సు పోతుంది మేడమ్."

"పోతే పోనీ" అన్నాను. ధైర్యంగానే అన్నాను. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

మే 19

కమిటీలో ఏడుగురు. అధ్యక్షురాలు కెమిస్ట్రీ ఆవిడ, నవ్వడం ఎవరూ చూడలేదు. ముందుగా వీడియో కంపెనీ అతను మాట్లాడాడు. చక్కటి కోటు, చక్కటి బొమ్మలు. వాళ్ళ పాఠాలు విని తృప్తి పడ్డవాళ్ళు నూటికి తొంభై ఒక్కరట.

తర్వాత నేను. కాగితం చూడకుండా చెప్పాను. "ఈ ఏడాది రెండువందల పన్నెండు మంది చేరారు. నూట డెబ్బై మంది పరీక్ష రాశారు. తొంభై తొమ్మిది మంది పాసయ్యారు. చేరినవాళ్ళలో సగానికి ఏడుగురు తక్కువ. పోయినేడు చేరింది రెండువందల నాలుగు, పాసైంది యాభై ఆరు. అప్పుడు మీకు నలభై ఒక్క శాతం అని చెప్పాం. అసలు లెక్క ఇరవై ఏడు. ఇన్నేళ్ళూ మానేసినవాళ్ళని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ తప్పు నాది. దాన్ని పట్టుకున్నది ఈ ఇద్దరు."

చిన్నసారు కళ్ళు మూసుకున్నాడు.

"మీ భాగస్వాములు ఏమైనా చెప్తారా?" అంది కెమిస్ట్రీ ఆవిడ. లాయరమ్మ లేస్తుందనుకున్నాను. నర్సమ్మ చెయ్యెత్తింది.

"ఒక్కటి అడగొచ్చాండీ?" అని వీడియో కంపెనీ అతని వైపు తిరిగింది. "మీ తొంభై ఒక్క శాతం ఎవర్ని అడిగారండీ?"

"కోర్సు పూర్తిచేసినవాళ్ళని."

"మొదలుపెట్టింది ఎంతమందండీ?"

అతను కాగితాలు తిరగేశాడు. "అది... ప్రస్తుతం నా దగ్గర లేదు" అన్నాడు.

"మా దగ్గరుందండీ. మావాళ్ళు నలభై రెండు మంది మధ్యలో వెళ్ళిపోయారు. పోయినేడు అరవై ఎనిమిది. ఈ నలభై రెండు మందిలో ముప్ఫై అయిదుగురు ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే రాసి తెచ్చాం. చదవమంటారా?"

చదవమన్నారు. పావుగంట చదివింది, ఎక్కడా తడబడలేదు. గదిలో ఎవరూ గడియారం చూడలేదు. కెమిస్ట్రీ ఆవిడ మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. వరండాలో లాయరమ్మ ఒక చెయ్యి, నర్సమ్మ ఒక చెయ్యి పట్టుకున్నారు. నర్సమ్మ పట్టుకున్నది మణికట్టు దగ్గర. నాడి చూస్తోందని తర్వాత తెలిసింది. నూట పన్నెండట.

నాలుగుకి మూడు. ఇంకో ఏడాది ఇచ్చారు. ఒకటే షరతు, ముగ్గురూ ఉండాలి.

చిన్నసారు మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "యాభై ఎనిమిదని చెప్పి ఉంటే ఏడుకి ఏడూ పడేవి మేడమ్. నా ప్రాణం పోయిందనుకోండి" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "మీ క్లాసులో ఉన్నప్పుడు మీరంటే భయం ఉండేది. ఇవాళ గర్వంగా ఉంది" అన్నాడు.

ఒక్క ఓటు తేడాతో గట్టెక్కాను, అయినా ఇంత నిండుగా ఏ ఏడూ లేదు. ఈ ఇద్దరికీ నేను ఏమిచ్చి రుణం తీర్చుకోను? ఇచ్చిన మార్కులేమో ముప్ఫై ఆరు, అరమార్కు.

జూన్ 9

వచ్చే ఏడాది కోర్సు పత్రం ఆఫీసులో ఇవ్వడానికి వెళ్ళాను. 'కోర్సు రూపొందించినవారు' అన్నచోట ఒకే గీత, దాని పక్కన ఒకే సంతకానికి జాగా. కళ్ళజోడు సవరించుకుని, చిన్న అక్షరాలతో మూడు పేర్లు కూరాను. అసలు పేర్లు, పూర్తిగా. నర్సమ్మది ముందు రాశాను.

గుమాస్తా పత్రం పైకెత్తి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇక్కడ ఒక్కరి పేరే రాయాలి మేడమ్. వీళ్ళు స్టూడెంట్లు కదా?"

"అవును."

"ఇన్నేళ్ళూ మీ ఒక్కరి పేరే రాశారుగా?"

"ఇన్నేళ్ళూ తప్పు రాశాను" అన్నాను.

అతను స్టాంపు వేశాడు.